పారిస్ పడలేదని బెంగ పెట్టుకోకండి

ఏటా వేసవిలో నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అక్కా, ఫ్రాన్స్‌లో ఇంగ్లీషు అసిస్టెంటుగా సెలెక్ట్ అయ్యాను. కానీ క్లెర్మోన్-ఫెరాన్ పడింది. మార్పించుకోవచ్చా?" రాసేవాళ్లు మారతారు, ఊళ్ల పేర్లు మారతాయి, ఒకరికి లిమోజ్, ఇంకొకరికి బెజాన్సోన్. దిగులు మాత్రం అదే. వాళ్లు కోరుకున్నది పారిస్, కనీసం లియోన్. వచ్చిందేమో వాళ్లు అనుకోని ఊరు. నా జవాబు కూడా ఏటా ఒకటే: మార్పించుకోకండి. కుదరదని కాదు, కుదిరినా వద్దంటున్నాను. ఎందుకో ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ పెడుతున్నాను.

సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఫ్రాన్స్ బడుల్లో విదేశీ భాషలు చెప్పే టీచర్లకు తోడుగా, ఆ భాష బాగా మాట్లాడే యువతను బయటి దేశాల నుంచి రప్పించుకునే ఏర్పాటు 1905 నుంచి ఉంది. ఇప్పుడు దాన్ని పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉన్న ఫ్రాన్స్ ఎదుకాసియోన్ ఇంటర్నాసియోనాల్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. ఇంగ్లీషుకి అమెరికా, బ్రిటన్ నుంచి ఎక్కువమంది వస్తారు, మనవాళ్లు కొద్దిమంది. అక్టోబరు 1న మొదలు, ఏప్రిల్ 30న ఆఖరు. వారానికి 12 గంటల పని. చేతికొచ్చేది నెలకు 800 యూరోల అటూ ఇటూ. చదువుల పాలన కోసం దేశాన్ని అకాదెమీలుగా విడగొట్టారు. మన ఇష్టాలు అడుగుతారు గానీ ఏ ఊరు, ఏ బడి అన్నది చివరికి వాళ్ల అవసరాన్ని బట్టే తేలుతుంది.

నాకు పడింది కాంతాల్ జిల్లా. దేశం నడుమ, ఎప్పుడో చల్లారిపోయిన పెద్ద అగ్నిపర్వతం మీద పరుచుకున్న కొండ ప్రాంతం. పచ్చిక, ఎర్రటి సలేర్ ఆవులు, బండరాయంత జున్ను చక్రాలు. జిల్లా మొత్తం కలిపినా లక్షన్నర జనాభా లేదు. అందులో అన్నిటికంటే పెద్ద ఊరు ఒరియాక్, దాని జనాభా పాతిక వేలు. నేనున్నది అంతకంటే చాలా చిన్న ఊరు. పేరు చెప్పను. అక్కడికి ఏడాదికి ఒక్క ఇంగ్లీషు అసిస్టెంటే వస్తారు, పేరు చెబితే నేను మాట్లాడుతున్న మనుషులెవరో గూగుల్ అవసరం లేకుండానే దొరికిపోతారు.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అది తేలిగ్గా తెగిపోతుంది. పారిస్‌లో చేసినా కాంతాల్‌లో చేసినా జీతం దాదాపు అంతే. పారిస్‌లో గది అద్దెకే అందులో సింహభాగం పోతుంది. మిగిలినదాంతో నెల గడవదు కాబట్టి ట్యూషన్లు, పిల్లల్ని చూసుకునే పనులు వెతుక్కుంటారు. అంటే పారిస్ చూద్దామని వెళ్లినవాళ్లు సాయంత్రాలు పారిస్‌లో ఎవరింట్లోనో హోంవర్క్ చేయిస్తూ గడుపుతారు. చిన్న ఊళ్లలో చాలా లీసేలకు, అంటే పెద్ద పిల్లల హైస్కూళ్లకు, హాస్టల్ ఉంటుంది, అందులోనో, స్టాఫ్ క్వార్టర్సులోనో అసిస్టెంటుకి చవగ్గా ఒక గది ఇస్తారు. నేను మొదట అలాంటి గదిలోనే ఉన్నాను. తర్వాత ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గదికి మారాను. అద్దె నా జీతంలో నాలుగో వంతు కూడా కాదు. ఈ ఒక్క లెక్క చాలు, మిగతా వ్యాసం చదవక్కర్లేదు అనేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

కానీ నా వాదన డబ్బు గురించి కాదు. కొత్త దేశంలో కుదురుకోవడం అంటే మనసు కుదుటపడటం అనుకుంటాం. ఇంటి మీద బెంగ, చలి, తిండి, ఒంటరితనం, వీటికి సిద్ధమై వెళ్తాం. ఫ్రాన్స్‌లో మనసు కంటే ముందు కుదుటపడాల్సింది ఫైలు. అది కుదిరేదాకా మనసు కుదరదు, ఎంత ధ్యానం చేసినా సరే.

ఎలా ఉంటుందో చూడండి. బడిలో అడుగుపెట్టిన రోజే ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ప్రొసే-వెర్బాల్ అంటారు, ఫలానా మనిషి ఫలానా తేదీన పనిలో చేరింది అనే రుజువు. అది అకాదెమీ ఆఫీసుకి చేరితేనే జీతం ఫైలు కదులుతుంది. జీతం పడాలంటే ఫ్రెంచి బ్యాంకు ఖాతా కావాలి, దాని వివరాలున్న చీటీ, రిబ్, ఇవ్వాలి. ఖాతా తెరవాలంటే బ్యాంకు చిరునామా రుజువు అడుగుతుంది. చిరునామా రుజువంటే మీ పేరు మీద కరెంటు బిల్లో అద్దె రసీదో. అద్దెకి ఇల్లు ఇవ్వాలంటే ఇంటివాళ్లు బ్యాంకు ఖాతా, మూడు జీతం చీటీలు, ఫ్రాన్స్‌లో ఉండే హామీదారు అడుగుతారు. జీతం చీటీ రావాలంటే జీతం పడాలి. జీతం పడాలంటే, పైన చెప్పాను కదా, ఖాతా కావాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దవాళ్లు ఫ్రాన్స్‌లో ఖాతా తెరిచి చూడలేదు.

ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి. తెంచే కాగితం ఒకటుంది. ఎవరింట్లో ఉంటున్నామో వాళ్లు "ఈమె మా దగ్గరే ఉంటోంది" అని రాసిచ్చే ఉత్తరం. దానికి వాళ్ల గుర్తింపు కార్డు కాపీ, వాళ్ల కరెంటు బిల్లు జోడించాలి. హాస్టల్ గదైతే బడి వాళ్లే రాసివ్వాలి. మా బడి ఆఫీసులో ఉండే మదామ్‌ని ఈ ఉత్తరం అడిగితే నేను కూర్చునేలోపు టైప్ చేసి ముద్ర వేసింది. వేసి, "ఏ బ్యాంకుకి వెళ్తున్నారు?" అని అడిగి, నా ముందే ఫోన్ తీసింది. బ్యాంకులో కౌంటర్ దగ్గరుండే ఆవిడ కూతురు మా బడిలోనే చదువుతోంది. మర్నాడు ఉదయానికే అపాయింట్‌మెంట్ దొరికింది. ఇందులో సిఫారసు ఏమీ లేదు, అడిగిన కాగితాలన్నీ నేనూ ఇచ్చాను. తేడా ఒక్కటే, నా కాగితాల వెనక ఒక మనిషి ఉందని అవతలివాళ్లకు తెలుసు.

అదే సమయంలో పారిస్ శివార్లలో పడిన నా స్నేహితురాలికి రెండు బ్యాంకులు ఖాతా ఇవ్వలేదు. కారణం కూడా చెప్పలేదు. ఆమె చివరికి బాంక్ ద ఫ్రాన్స్‌కి, అంటే మన రిజర్వు బ్యాంకు లాంటిదానికి, రాసింది. ఖాతా హక్కు అని ఒకటుంది అక్కడ. బ్యాంకు కాదంటే ఆ కాదన్న ఉత్తరం తీసుకుని బాంక్ ద ఫ్రాన్స్‌కి దరఖాస్తు పెడితే, వాళ్లే ఒక బ్యాంకుని నిర్ణయించి ఖాతా తెరిపిస్తారు. ఇది ఎక్కడ పడినవాళ్లైనా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. హామీదారు లేనివాళ్లకు విజాల్ అనే ఉచిత హామీ పథకం ఉంది, 31 ఏళ్లు నిండనివాళ్లు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఇంటి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అడగాలి, పెట్టాక అడిగితే పనికిరాదు.

వీసా గురించి తక్కువే చెబుతాను. దేశంలో దిగిన మూడు నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. చెయ్యకపోతే ఆ తర్వాత మీ ఉనికికి చట్టబద్ధత ఉండదు. మొదటి వారంలోనే చేసేయండి.

జనన ధ్రువపత్రం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. ఆరోగ్య బీమాలో మన పేరు ఎక్కాలంటే తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం అడుగుతారు. పదో తరగతి మెమో చూపిస్తే నవ్వుతారు, నవ్వకుండా తిప్పి పంపుతారు కూడా. బయల్దేరే ముందే దాని మీద అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని బయటి దేశాలు ఒప్పుకునే ప్రభుత్వ ముద్ర, వేయించుకోండి. దానికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం మన దేశంలో 2005 నుంచి అమల్లో ఉంది, కాబట్టి ముద్ర దొరకడం పెద్ద పని కాదు. ఫ్రెంచి అనువాదం మాత్రం అక్కడి కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకులతో చేయించండి. ఇక్కడ చేయించినదాన్ని ఒప్పుకోకపోతే డబ్బు దండగ. అన్నీ సరిపోతే కొన్నాళ్లకు ఒక పొడవాటి నంబరు వస్తుంది. ఆడవాళ్లకు 2తో, మగవాళ్లకు 1తో మొదలు, తర్వాత పుట్టిన ఏడాది, నెల. ఫ్రాన్స్‌లో పుట్టినవాళ్లకు ఆ తర్వాత జిల్లా నంబరు ఉంటుంది. మనకు 99, అంటే బయటి దేశం. దాని పక్కన 223, అంటే భారతదేశం. ఇక ఆ దేశంలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ ఫారం నింపినా ముందు అడిగేది ఆ నంబరే. పేరు తర్వాతే.

ఇప్పుడు అసలు తగాదా దగ్గరికి వద్దాం. ముందు వెళ్లొచ్చినవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట, "వారానికి 12 గంటలే పని, సెలవులు బోలెడు, యూరప్ మొత్తం చుట్టేయొచ్చు". సెలవులు బోలెడన్న మాట నిజమే. అక్కడి బడి ఏడాది ఆరేడు వారాల పాఠాలు, రెండు వారాల సెలవులు అన్న లయలో నడుస్తుంది. అక్టోబరు మొదట్లో చేరతామా, మూడు వారాలు తిరక్కుండానే తూసాన్ (సర్వసాధువుల పండగ) సెలవులు వచ్చేస్తాయి. తర్వాత క్రిస్మస్, తర్వాత చలికాలం సెలవులు, తర్వాత వసంతం. ఏడు నెలల ఉద్యోగంలో దాదాపు రెండు నెలలు బడి ఉండదు.

ఆ తూసాన్ సెలవులకే చాలామంది బార్సిలోనాకో ప్రాగ్‌కో టికెట్లు కొనేస్తారు. మొదటి జీతం ఇంకా పడి ఉండదు, కాగితాలు సగంలో ఉంటాయి, పిల్లల పేర్లు కూడా రాలేదు. బడి మూసినా బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు తెరిచే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు పనులు చక్కబెట్టుకోడానికి అంతకంటే మంచి రెండు వారాలు మళ్లీ దొరకవు. తిరగొద్దని నేను అనను. ఫిబ్రవరిలో తిరగండి, అప్పటికి ఎక్కడికి తిరిగి రావాలో మీకొక చోటంటూ ఉంటుంది.

వారాంతాలు కూడా అంతే. శుక్రవారం మధ్యాహ్నం బ్యాగు తీసుకుని రైలెక్కి ఆదివారం రాత్రి దిగేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నట్టు కాదు, అక్కడ నిద్రపోతున్నట్టు. సోమవారం స్టాఫ్ రూములో కాఫీ దగ్గర "వారాంతం ఏం చేశావు?" అని అడుగుతారు. "రోమ్ వెళ్లొచ్చాను" అంటే "బావుంది" అని ఊరుకుంటారు. "సంతలో క్యూలో నిలబడ్డాను, నా ముందాయన పావుగంట జున్ను రుచి చూస్తూనే ఉన్నాడు" అంటే ఆ జున్ను ఎవరి దగ్గర కొన్నావు, అక్కడ ఎందుకు కొన్నావు, ఫలానా వాళ్ల దగ్గర కొనాల్సింది అని గంట కొట్టేదాకా వదలరు. నాకు ఫ్రెంచి వచ్చింది ఆ వాదనల్లోనే. పెద్ద నగరాల్లో పడినవాళ్లు మిగతా దేశాల అసిస్టెంట్లతో గుంపుగా తిరుగుతారు, ఆ గుంపులో నడిచేది ఇంగ్లీషే. ఏడు నెలలయ్యాక వాళ్ల ఫ్రెంచి వెళ్లిన చోటే ఉంటుంది. నాకు గుంపు దొరకలేదు, అదే నా అదృష్టం.

ఇక క్లాసు. అసిస్టెంటు టీచరు కాదు. మార్కులు వేయదు, గ్రామరు చెప్పక్కర్లేదు. తరగతిలో సగం మందిని ఇంకో గదికి తీసుకెళ్లి మాట్లాడించడమే పని. వినడానికి సుఖంగా ఉంది కదా. పదిహేనేళ్ల పిల్లలు పన్నెండు మంది మన ఎదురుగా కూర్చుని బల్లల వంక చూస్తుంటే తెలుస్తుంది. ఆ పిల్లలకు ఇంగ్లీషు రాదనుకోకండి. రాతలో మనకంటే శుభ్రంగా రాసేవాళ్లున్నారు. తప్పు మాట్లాడితే పక్కవాడు నవ్వుతాడని భయం, అంతే. ఇరవైకి ఎన్ని మార్కులన్న లెక్క మీద నడిచే చదువులో తప్పుకి విలువ ఉండదు మరి. మన పిల్లల సంగతి తెలిసినవాళ్లకు ఇదేం వింత కాదు.

నేను మొదట్లో దీపావళి ఫోటోలు, తాజ్‌మహల్, క్రికెట్ అన్నీ పట్టుకెళ్లాను. మర్యాదగా చూశారు. మాట మాత్రం రాలేదు. తమకు అభిప్రాయమే లేని విషయం మీద ఏం మాట్లాడతారు పాపం? వాళ్లకు బలమైన అభిప్రాయాలున్నది ఒక్కదాని మీదే అని మధ్యాహ్నం భోజనాల గదిలో తెలిసింది: బడి భోజనం. ఫ్రాన్స్‌లో బడి క్యాంటీన్లన్నీ వారానికి ఒక రోజు మాంసం, చేప లేని భోజనం పెట్టాలి. 2018 నాటి చట్టం, 2019 నవంబరు నుంచి అమలు. మా బడిలో ఆ రోజు చల్లటి పప్పుల సలాడ్ పెట్టారు. ఆ జిల్లాలో సేన్-ఫ్లూర్ వైపు పండే లేత రంగు మసూర్ లాంటి పప్పు, మంచి పేరున్నదే. పప్పుని చల్లగా, వెనిగర్ వేసుకుని తినడం నాకూ మింగుడుపడలేదు, అది వేరే కథ. మధ్యాహ్నం క్లాసులో బోర్డు మీద ఆ రోజు మెనూ రాసి, ఒక్కొక్కదానికి ఇరవైకి మార్కులు వేయమన్నాను. ఇంగ్లీషులో, కారణంతో సహా.

కాసేపు గుసగుసలు. తర్వాత వెనక బల్ల నుంచి, అప్పటిదాకా నా దగ్గర నోరే విప్పని కుర్రాడు చెయ్యెత్తాడు. "లెంటిల్స్, జీరో." ఎందుకని అడిగాను. ఎర్రబడి, కాస్త ఆగి, "మై ఫాదర్, హీ మేక్ ద కౌస్. వెజిటేరియన్ డే ఈజ్ నాట్ గుడ్ ఫర్ మై ఫాదర్" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ గదిలో సగం మంది ఇళ్లలో ఆవులున్నాయి. పక్క వరుసలో అమ్మాయి వెంటనే తిరిగి, "బట్ యూ ఈట్ ఆల్ ద లెంటిల్స్! ఐ సీ యూ!" అంది. ఇక నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. పాల ధర, వాతావరణం, ఊరొదిలి వెళ్లిపోయిన అన్నలు, అన్నీ ఆ ప్లేటు పప్పులోంచే వచ్చాయి. వ్యాకరణం ఎక్కడికక్కడ ఊడిపోతూనే ఉంది, నేను సరిదిద్దలేదు. ఆ తర్వాత ప్రతి వారం మెనూకి మార్కులు వేయడం మా క్లాసులో ఆనవాయితీ అయింది. వంటావిడ ఒకరోజు నన్నాపి, కాలీఫ్లవర్ గ్రాతాన్‌కి ఎన్ని వచ్చాయని అడిగింది. నేను అబద్ధం చెప్పాను.

ఇది పారిస్‌లో జరగదా అంటే జరగొచ్చు. కానీ ఆ పప్పు వాళ్లకెందుకు అంత తగిలిందో నాకు అర్థం కావాలంటే నేను ఆ పొలాల పక్క నుంచి రోజూ నడిచి బడికి వెళ్లాలి. వాళ్ల క్యాంటీన్లో తినాలి. ఏ విషయం పట్టుకుంటే పిల్లలు మాట్లాడతారో తెలిసిన అసిస్టెంటుకే ఈ ఉద్యోగం వచ్చినట్టు, ఆ తెలివి ఊళ్లో ఉంటేనే వస్తుంది. చిన్న బడిలో ఇంగ్లీషు టీచర్లు నలుగురికి మించరు. అసిస్టెంటు వచ్చే గంటలు వాళ్లకు పండగ. ముందే కూర్చుని ఏం చేద్దామో మాట్లాడతారు. పెద్ద బడుల్లో టైంటేబుల్ ఇచ్చి, ఎవరి తరగతి ఎక్కడో వెతుక్కోమన్న కథలు చాలా విన్నాను.

యాస గురించి అడుగుతారు చాలామంది, అందుకే చెబుతున్నాను. మొదటి వారాల్లో ఒక టీచరు, మంచి మనిషే, "పిల్లలకు మీ యాస అలవాటు లేదు, కొంచెం బ్రిటిష్ వాళ్లలా మాట్లాడితే..." అని నసిగింది. నేను అలా మాట్లాడనని చెప్పాను. రాదు కాబట్టి కాదు, అక్కర్లేదు కాబట్టి. ప్రపంచంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో ఎక్కువమందికి అది రెండో భాషో మూడో భాషో. ఈ పిల్లలు రేపు ఉద్యోగాల్లో మాట్లాడబోయేది లండన్ వాళ్లతో కాదు, జర్మన్లతో, చైనా వాళ్లతో, మనతో. పైగా బడికెళ్లి ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి ఎదురుగా ఉంటే, "ఈమెకు వచ్చింది కదా, మనకీ వస్తుంది" అన్న ధైర్యం కలుగుతుంది. అది అమ్మ ఒళ్లో నేర్చుకున్నవాళ్లు ఇవ్వలేరు. స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడండి. నాలుక మెలిపెట్టకండి. ఇండియన్ అసిస్టెంట్లు దొంగ యాక్సెంట్ పెడితే నాకు ఒళ్లు మండుతుంది.

బడి బయట సంగతి. ఫ్రాన్స్‌లో 1901 నాటి చట్టం కింద నడిచే సంఘాలు ఊరూరా ఉంటాయి. పాటల బృందం, చదరంగం, కొండలెక్కే క్లబ్బు, ఏదైనా. సభ్యత్వం తక్కువే. నేను కొండ నడక క్లబ్బులో చేరాను. అందులో నేను తప్ప అందరూ రిటైరైనవాళ్లే. కాంతాల్లో యువత తక్కువ, చదువుకి వెళ్లినవాళ్లు తిరిగి రారు. ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరి కార్లో ప్యుయి మారీ కొండ వైపు వెళ్లేవాళ్లం. ఎక్కేటప్పుడు ఎవరూ మాట్లాడరు, దిగేటప్పుడు ఎవరూ ఆగరు. విషయం ఏమిటంటే, రిటైరైనవాళ్లకు తీరిక ఉంటుంది, మన సగం సగం ఫ్రెంచి వినే ఓపిక ఉంటుంది, మీదుమిక్కిలి ఆ దేశపు ఫారాలన్నీ కంఠోపాఠం. నా పన్ను డిక్లరేషన్ ఫారం (వసంతంలో ముందటి ఏడాది ఆదాయానికి వేయాలి, పన్ను పడకపోయినా సరే) క్లబ్బులో ఒక రిటైరైన పోస్ట్‌మాన్ గారు తన వంటింటి బల్ల మీద పరిచి గడి గడికీ వేలు పెట్టి చెప్పారు. మధ్యలో ఆయన భార్య వచ్చి, "ఆ అమ్మాయికి ముందు తినడానికేమైనా పెట్టు" అని కోప్పడింది.

అంతా బాగుందని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆదివారం బస్సుండదు. సోమవారం సగం దుకాణాలు తెరవవు. నవంబరు చివరికి ఐదింటికే చీకటి పడుతుంది, రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. పారిస్ నుంచి ఒరియాక్‌కి రైల్లో ఆరు గంటలు పడుతుంది. 2023 డిసెంబరు నుంచి రాత్రి రైలు మళ్లీ వేశారు, ఒరియాక్ దగ్గరున్నవాళ్లకు అది పెద్ద ఊరట, నాలాగా ఒరియాక్‌కి కూడా బస్సెక్కాల్సినవాళ్లకు అంతంతమాత్రం. కొన్నిసార్లు అసిస్టెంటుని రెండు మూడు ఊళ్ల బడులకు పంచుతారు. అలా పడితే మొదటి రోజే రెండు బడుల టైంటేబుళ్లు పక్కపక్కన పెట్టించి, ఒక్కో ఊరికి ఒక్కో రోజు అని అడగండి. అడగకపోతే బస్టాపులోనే చలికాలం గడిచిపోతుంది.

చూపులు కూడా ఉంటాయి. కొత్త మొహం, అందులోనూ ముదురు రంగు మొహం. సూపర్‌మార్కెట్లో వెనక్కి తిరిగి చూసినవాళ్లున్నారు. ఒక పెద్దాయన మా సంభాషణ మొత్తంలో నన్ను పాకిస్తాన్ అమ్మాయి అనే అన్నాడు, ఎన్నిసార్లు చెప్పినా. ఒకడు నా వెనక ఏదో అరిచాడు, అర్థమైంది, కానట్టు నడిచాను. ఇది నగరంలో ఉండదని కాదు. తేడా ఏమిటంటే, చిన్న ఊళ్లో ఆ అరిచినవాడు ఎవరో మర్నాటికి స్టాఫ్ రూములో అందరికీ తెలిసింది. నాకంటే ముందు వాళ్లే కోప్పడ్డారు. అది నాకు నచ్చిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఊరందరికీ మన సంగతి తెలియడం కొన్నిసార్లు అండ, కొన్నిసార్లు ఊపిరాడనివ్వదు. ఏ రోజు ఏం కొన్నానో మా ఇంటి పెద్దావిడకు నాకంటే ముందే తెలిసేది.

ఇన్ని చెప్పాక, పెద్ద ఊరే అడగండి అని నేను చెప్పే సందర్భం ఒక్కటుంది. మీకు క్రమం తప్పకుండా స్పెషలిస్టు డాక్టరు చూడాల్సిన జబ్బు ఏదైనా ఉంటే, శరీరానికైనా మనసుకైనా, కాంతాల్ లాంటి చోటికి వెళ్లకండి. పల్లె జిల్లాల్లో డాక్టర్ల కొరత అక్కడ ఎన్నికల్లో కూడా మాట్లాడుకునేంత పెద్ద సమస్య. మామూలు డాక్టరే కొత్త పేషెంట్లను తీసుకోనంటాడు, కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటుకి నెలలు పడుతుంది. అప్పుడు సర్దుకుపోదాంలే అనుకోవద్దు. డాక్టరు సర్టిఫికెట్ జోడించి, కారణం దాచకుండా, పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరు కావాలని రాయండి. నియామక పత్రం, అరెతే, చేతికి రాకముందే రాయాలి. వీసా దరఖాస్తు దాని మీదే నడుస్తుంది, అది వచ్చాక ఊరు మార్చాలంటే పత్రం మళ్లీ, అపాయింట్‌మెంట్ మళ్లీ, టికెట్లు మళ్లీ. అప్పటికి అక్టోబరు దాటిపోతుంది.